పల్చటి నైలాన్‌కి మాసిక వేసే ముందు

నైలాన్‌లో పడిన సూది రంధ్రం పూడదు. నూలు బట్టకైతే కుట్టు విప్పి, తడిపి ఇస్త్రీ చేస్తే పోగులు మళ్లీ దగ్గరికొస్తాయి. నీళ్లు దిగకుండా పూత వేసిన నైలాన్‌లో ఆ వీలు లేదు. అందుకే రెయిన్‌కోటైనా, గుడారమైనా, మడతపెట్టే సంచి అయినా ఎన్ని తక్కువ రంధ్రాలతో పని అయితే అంత మేలు. గుండుసూదులు పక్కన పెట్టి క్లిప్పులు వాడండి.

సూది 70/10 సైజు చాలు, మరీ పల్చటి గుడ్డకు 60/8. మొన సన్నగా ఉండే మైక్రోటెక్స్ రకం, అదీ కొత్తది కావాలి. మొద్దుబారిన సూది గుచ్చుకోకుండా పోగును లాగేస్తుంది, కుట్టుకు అడ్డంగా గీత తేలుతుంది. దారం పాలిస్టర్‌దే. నూలు దారం తడికి కుళ్లిపోతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి. దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటారు గానీ, అలా కుట్టిన గుడ్డ స్టాంపుల షీటులా చిల్లుల వెంటే చిరుగుతుంది.

కుట్టు ముడతలు పడితే ముందు చూడాల్సింది పైదారం టెన్షన్, అంటే దారం బిగువు. తుక్కు ముక్క మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూడండి. గుడ్డను మిషన్ పాదానికి ముందూ వెనకా సమంగా బిగువుగా పట్టుకోవాలి, లాగకూడదు. లాగితే సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. మొదట్లోనే మిషన్ గుడ్డను లోపలికి గుంజేస్తుంటే అంచుకు 1 సెంటీమీటరు లోపల మొదలుపెట్టి, రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే కింద పల్చటి టిష్యూ కాగితం వేసి కుట్టి, తర్వాత చింపేయండి.

మాసిక ముక్క చిరుగు కంటే అన్నివైపులా 2.5 సెంటీమీటర్లు పెద్దదిగా ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోసుగా ఉంటే అక్కడే లేస్తుంది. రిప్‌స్టాప్ గుడ్డయితే (చిరుగు పాకకుండా గట్టి పోగులతో గళ్లుగా నేసినది) గళ్లు గుడ్డలోనూ మాసికలోనూ ఒకే వరసలో రావాలి, లేకపోతే తడిసినప్పుడు ఒకటి ఎక్కువ సాగి మాసిక ముడుచుకుంటుంది. పోగులూడకుండా అంచును లైటర్ మంట పక్కన, తగలకుండా, చకచకా జరపండి. కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుపోతుంది, వేలితో నొక్కొద్దు.

కుట్టాక రంధ్రాలు మూయడానికి జిగురు పూయాలి. ఇక్కడే చాలామంది పని పాడవుతుంది. సిలికాన్ పూతకు సిలికాన్ జిగురే పడుతుంది, పాలియురిథేన్ పూతకు పాలియురిథేన్ జిగురు. ఏ పూతో తెలియకపోతే ఓ మూల చుక్క పెట్టి ఆరనివ్వండి. గోటితో గీకితే పొరలా ఊడొస్తే అది మీ గుడ్డకు సరిపడదు. పూసేముందు ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సిలికాన్ పూర్తిగా ఆరాక కాస్త పౌడరు చల్లితే మడతల్లో అతుక్కోదు.

పాలియురిథేన్ పూత జిగటగా మారి పొట్టులా రాలుతుంటే మాత్రం ఆ గుడ్డ పని అయిపోయింది, మాసిక వృథా. జిప్పులు, బకిల్స్ విప్పి దాచుకోండి.