ముగిచా, సెంచా, అమజాకె: జూలైలో ఒక ఆదివారం

టోక్యోలో వానలు వెనకబట్టి ఎండలు ముదిరాయి. నిద్ర లేవగానే ఫ్రిజ్ తెరిచి, రాత్రి చన్నీళ్లలో నానవేసిన ముగిచాను గ్లాసులోకి వంచుకున్నాను. వేయించిన బార్లీ గింజలతో చేసే ఈ పానీయంలో తేయాకు ఉండదు కనుక కెఫీన్ కూడా ఉండదు, అందుకే పసిపిల్లల నుంచి వృద్ధుల వరకు అందరూ నిశ్చింతగా తాగుతారు. మన ఊళ్లలో ఎండన పడి వచ్చినవారికి మజ్జిగ ఇచ్చినట్టే ఇక్కడ ముగిచా ఇస్తారు. బడిపిల్లల ఫ్లాస్కుల్లోనూ వేసవి పొడవునా ఇదే కనిపిస్తుంది.

కాస్త పొద్దెక్కాక పక్కింటి పెద్దావిడ టీకి పిలిచారు. ఆవిడది తేయాకు తోటలకు పేరుపడ్డ షిజువోకా. పుట్టింటివారు పంపిన ఈ ఏటి కొత్త టీ ఇంకా మిగిలి ఉందట. ఇక్కడి పంచాంగంలో వసంతారంభంగా లెక్కించే ఫిబ్రవరి మొదటి వారం నుంచి 88వ రోజు, అంటే మే 2 ప్రాంతంలో, కోసిన లేత ఆకును ఎంతో శ్రేష్ఠమైనదిగా భావిస్తారు. ఆ ఆకుతో ఆవిడ సెంచా అనే పచ్చ టీ కాచే తీరును నేను ఎన్నిసార్లయినా విసుగు లేకుండా చూడగలను. మరిగిన నీటిని నేరుగా ఆకు మీద పోయరు. ముందు ఖాళీ కప్పుల్లో పోస్తారు. దానితో కప్పులు వేడెక్కుతాయి, నీరు సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఆ నీటిని మరొక పాత్రలోకి మార్చి, 70, 80 డిగ్రీల మధ్యకు వచ్చాక, పక్కకు పిడి ఉన్న చిన్న మట్టి కూజాలోని ఆకు మీద పోసి, దాదాపు ఒక నిమిషం కదపకుండా ఉంచుతారు. నీరు మరీ వేడిగా ఉంటే ఆకులోని వగరు, చేదు ముందుగా దిగుతాయి, కాస్త చల్లారితే కమ్మదనం పైకి వస్తుంది.

ఆ తరువాత వంచే పద్ధతే నాకు అన్నిటికన్నా ఇష్టం. మూడు కప్పులు ఉంటే ఒక్కొక్క దానిలో కొద్దికొద్దిగా పోసుకుంటూ మూడోదాని వరకు వెళ్లి, మళ్లీ మూడోదానితో మొదలుపెట్టి వెనక్కి వస్తారు. కూజాలో చుక్క మిగలకుండా చివరి బొట్లు కూడా విదిలిస్తారు. మొదట వచ్చే టీ పలుచగా, చివర వచ్చేది చిక్కగా ఉంటుంది కనుక ఇలా తిప్పి పోస్తేనే అందరికీ ఒకే రుచి అందుతుంది. "ఒకరికి నీళ్లు, ఒకరికి సారం ఇస్తే అది ఆతిథ్యం ఎలా అవుతుందమ్మా" అన్నారావిడ. జపాన్ టీ అనగానే బయటి దేశాలవారికి పచ్చ టీ ఆకు పొడితో చేసే మాచ్చా, దానితోపాటు 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ అనే టీ గురువు తీర్చిదిద్దిన టీ వేడుక గుర్తుకు వస్తాయి. ఆ వేడుక పట్ల నాకు గౌరవం ఉంది, కానీ ఎదుటివారి నోటి రుచిని తలచుకునే ఆ శ్రద్ధ ఈ వంటింటి బల్ల మీద కూడా తక్కువగా లేదని నేను గట్టిగా నమ్ముతాను. నిజానికి మనం ఇప్పుడు తాగే పచ్చని సెంచా మరీ పాతది కాదు. 1738లో క్యోటో దగ్గరి ఉజి ప్రాంతపు తేయాకు రైతు నగతాని సోయెన్ లేత ఆకును ఆవిరిపట్టి, నలిపి, ఆరబెట్టే పద్ధతిని రూపొందించిన తరువాతే ఈ రంగు, ఈ పరిమళం సామాన్యుల కప్పుల్లోకి క్రమంగా చేరాయి.

సాయంత్రం కంద మ్యోజిన్ అనే గుడికి వెళ్లాము. దారి పొడవునా వెండింగ్ మెషీన్లు. వాటిలో చలికాలమంతా వేడివేడిగా దొరికిన టీ, కాఫీ డబ్బాల చోటులో ఇప్పుడన్నీ చల్లనివే ఉన్నాయి. గుడి ద్వారం పక్కనే 1846లో మొదలైన, అమజాకెకు పేరుపడ్డ అమనోయ అనే దుకాణం ఉంది. అన్నంలో కోజిని, అంటే ఒక రకం బూజు పట్టించిన బియ్యాన్ని, కలిపి చేసే ఈ తియ్యని పానీయంలో చెంచా చక్కెర కూడా వేయరు. కోజిలోని ఎంజైములే పిండిపదార్థాన్ని తీపిగా మారుస్తాయి. ఇప్పుడు చాలామంది దీనిని కొత్త సంవత్సరపు చలిలో గుడి ముందు వేడిగా తాగేదిగానే తలుస్తారు గాని, ఎడో యుగంగా పిలిచే 1603-1868 మధ్య కాలంలో ఎండలకు సొమ్మసిల్లినవారికి సత్తువ ఇచ్చేదని వీధుల్లో అమ్మేవారు. హైకూ కవులకు నేటికీ అమజాకె వేసవిని సూచించే పదమే. చల్లని అమజాకె తాగుతుంటే నాలుక మీద మెత్తని మెతుకులు తగిలాయి, పరమాన్నం గంజిలా పలుచబడితే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

సాకే అనే బియ్యపు మద్యానికి కూడా మూలం ఈ కోజియే. కోజితో సాకే తయారుచేసే సంప్రదాయ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మా ఇంట్లో మద్యం తాగరు కనుక దాని రుచి గురించి నేను రాయలేను. అయితే విందుల్లో ఎవరి గిన్నె వారు నింపుకోకుండా పక్కవారికి పోసి, తమ గిన్నె నింపే పని పక్కవారికే వదిలేసే పద్ధతిని చూసినప్పుడల్లా పక్కింటి పెద్దావిడ మూడు కప్పులే కళ్లముందు మెదులుతాయి.

తిరిగి వస్తూ సూపర్ మార్కెట్‌లో ఎండు కోజి ప్యాకెట్ కొన్నాను. పలుచగా వండిన అన్నాన్ని 60 డిగ్రీలకు చల్లార్చి, కోజి కలిపి, రైస్ కుక్కర్‌ను మూత వేయకుండా తడిగుడ్డ కప్పి, వెచ్చగా ఉంచే మీట నొక్కి ఎనిమిది గంటలు వదిలేయాలట. వేడి 70 దాటితే ఎంజైములు చచ్చిపోయి తీపి రాదు. రేపు సెలవు కనుక ఉదయమే మొదలుపెడతాను.