నాలుగో సెషన్‌లో చదివే ఉత్తరం

ఇంటిగ్రేటివ్ థెరపీ, అంటే వేర్వేరు మానసిక చికిత్సల్ని కలిపి చేసే పద్ధతి, అన్నిట్లోంచి తలా కాస్త తీసి వండే కదంబం అనుకునేవాళ్లు కౌన్సెలర్లలోనూ ఉన్నారు. ఈ వారం ఊరికే వినడం, వచ్చే వారం ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే సీబీటీ హోంవర్కు, ఆపై వారం చిన్నప్పటి సంగతులు. దాన్ని కలపడం అనరు, తోచింది చేయడం అంటారు. నిజంగా కలిపితే ఎలా ఉంటుందో చూడాలంటే, ఆలోచనల మీద పనిచేసే కాగ్నిటివ్ పద్ధతినీ చిన్ననాటి బంధాల్ని తరచి చూసే సైకో అనలిటిక్ పద్ధతినీ ఒకటిగా అల్లిన కాగ్నిటివ్ అనలిటిక్ థెరపీని, పొట్టిగా క్యాట్‌ని చూడాలి. 1980ల్లో లండన్‌లో సైకోథెరపిస్టు ఆంథొనీ రైల్ దీన్ని రూపొందించాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి సాగే వైద్యం అందరికీ అందదు కాబట్టి మామూలుగా 16 సెషన్లు, వ్యక్తిత్వ సమస్యలు తీవ్రంగా ఉంటే 24 అని ముందే లెక్క కట్టుకున్నాడు.

దీని గుండెకాయ జంట పాత్రలు. చిన్నప్పుడు మనం ఒక పాత్ర మాత్రమే నేర్చుకోం, దాని ఎదుటి పాత్రనూ నేర్చుకుంటాం. అదిలించేవాళ్లు, అణిగి ఉండేవాళ్లు. మెప్పిస్తేనే దగ్గరకు తీసేవాళ్లు, మెప్పు కోసం పరుగులు పెట్టేవాళ్లు. పెద్దయ్యాక ఏ కొసనైనా పట్టుకుంటాం: ఆఫీసులో అణిగి ఉన్న మనిషే ఇంటికొచ్చి పిల్లల్ని అదిలిస్తాడు, రాత్రి పడుకున్నాక తనని తానే తిట్టుకుంటాడు. మూడుచోట్లా నడిచేది అదే జంట.

మొదటి మూడు సెషన్లు వినడానికీ, క్లయింటు తాను ఎక్కడ చిక్కుకుంటున్నారో టిక్కు పెట్టే ప్రశ్నల పత్రానికీ సరిపోతాయి. నాలుగో సెషన్‌కి, కాస్త అటూ ఇటూగా, కౌన్సెలర్ ఉత్తరం రాసుకొస్తారు. పేజీన్నర, మహా అయితే రెండు. ఎందుకు వచ్చారు, ఏం దాటి వచ్చారు, అప్పుడు తట్టుకోవడానికి ఏ దారి పట్టారు, ఇప్పుడు ఆ దారికి ఏం మూల్యం చెల్లిస్తున్నారు. ఇంతవరకు అందరూ రాస్తారు. ఇదే తీరు ఈ గదిలో మన మధ్య ఎలా తలెత్తవచ్చు అన్న చివరి భాగాన్ని మాత్రం కొందరు వదిలేస్తారు. అది లేకపోతే మిగిలేది కేస్ రిపోర్టే.

ఉదాహరణకు ఒక కల్పిత క్లయింటు కోసం రాసినది: “నాన్నగారి ముందు ‘నోరు పెగిలేది కాదు’ అన్నారు మీరు. అడగకముందే పని చేసిపెడితే తిట్లు తప్పుతాయని ఎనిమిదేళ్లకే కనిపెట్టారు. ఆ తెలివే మిమ్మల్ని కాపాడింది. ఇప్పుడు అందరి పనీ మీ నెత్తినే పడుతోంది, లోపల కోపం పేరుకుంటోంది. నేను చెప్పింది నచ్చకపోయినా మీరు తలూపేస్తారేమో, తర్వాత సెషన్‌కి రాకపోవచ్చేమో అనిపిస్తోంది. అలా అయితే దాని గురించే మాట్లాడుకుందాం.”

ఇందులో ‘ఆత్మగౌరవ లోపం’ లాంటి మాట ఒక్కటీ లేదు. ‘నోరు పెగిలేది కాదు’ అన్నది ఆమె మాట, అది అలాగే ఉండాలి. నాన్న మీద తీర్పూ లేదు. మన ఇళ్లలో తల్లిదండ్రుల్ని బోనెక్కిస్తే క్లయింటు వెంటనే వాళ్ల తరఫు లాయరైపోతారు, సెషన్ అక్కడే ఆగిపోతుంది.

ఉత్తరాన్ని మొదటి పది నిమిషాల్లోనే, పైకి, నెమ్మదిగా చదవాలి. నలభయ్యో నిమిషంలో మొదలుపెడితే కన్నీళ్లతో మనిషిని రోడ్డు మీదికి పంపినట్టవుతుంది. చదివాక ప్రతి, దాంతోపాటు పెన్సిలు చేతికిచ్చి, “ఇందులో మీది కాని వాక్యం ఏది?” అని అడగాలి. “బాగుందా?” అని అడిగితే “అంతా కరెక్టేనండీ” అంటారు, మెప్పించే పాత్ర అక్కడే మొదలైపోతుంది. ప్రతిని ఇంటికి తీసుకెళ్లాలా వద్దా అన్నది కూడా అడగాలి. బీరువా తాళాలు నలుగురి దగ్గరా ఉన్న ఇంట్లో ఆ కాగితం ఎవరి చేతిలోనైనా పడొచ్చు. క్లినిక్ ఫైల్లోనే ఉంచేయమంటే ఉంచేయడమే.

తర్వాత ఉత్తరంలోని తీరును ఒకే కాగితం మీద గళ్లు, బాణాలతో బొమ్మగా ఇద్దరూ కలిసి గీస్తారు. గళ్లు నాలుగైదు దాటితే ఎవరికీ గుర్తుండవు.

ఆ బొమ్మ అసలు అక్కరకొచ్చేది మధ్య సెషన్లలో. క్లయింటు వరసగా రెండు వారాలు సెషన్‌కి ఆలస్యంగా వచ్చారు, కౌన్సెలర్‌కి లోపల చిరాకు. లేదా అడగకుండానే పావుగంట ఎక్కువ ఇచ్చేస్తున్నారు. రెండూ బొమ్మలోని పాత్రలే, ఈసారి ఒక కొస కౌన్సెలర్ చేతిలో ఉంది. కాగితం మధ్యలో పెట్టి, “ఇప్పుడు మనిద్దరం ఎక్కడున్నాం?” అని వేలు పెట్టి వెతకాలి. “పోయిన వారం నా గొంతులో చిరాకు ఉంది, అది మీకు తెలిసే ఉంటుంది” అని కౌన్సెలర్ ముందు ఒప్పుకుంటేనే ఎదుటి మనిషికి నోరు పెగులుతుంది. వివరణ ఇవ్వడం మొదలుపెడితే మళ్లీ అదిలించినట్టే.

ప్రతి సెషన్లో అంకె పైకి చెప్పాలి: ఇది తొమ్మిదోది, ఇంకా ఏడున్నాయి. పదమూడో, పద్నాలుగో వారంలో పాత బాధలన్నీ తిరగబెట్టడం మామూలే, విడిపోవడం దగ్గరపడుతోంది కాబట్టి. అక్కడ జాలిపడి నాలుగు సెషన్లు పొడిగించడం బాగా తెలిసిన తప్పు. బాధ ముదిరితేనే ఎదుటి మనిషి మనల్ని వదలకుండా ఉంటాడన్న పాత పాఠమే మళ్లీ నేర్పినట్టవుతుంది. ప్రాణానికి ప్రమాదమున్నప్పటి లెక్క వేరు, అప్పుడు భద్రతే ముందు.

చివరి సెషన్‌కి ఇద్దరూ వీడ్కోలు ఉత్తరాలు రాస్తారు. ఏం మారిందో, ఏం మారలేదో, దేనికి నిరాశ పడ్డారో. క్లయింటు ఉత్తరం ఒక్కోసారి నాలుగు వరుసల ఫిర్యాదే ఉంటుంది. నోరు పెగలని మనిషి రాసిన ఫిర్యాదు అది. కౌన్సెలర్ సంజాయిషీ చెప్పకుండా విని, మూడు నెలల తర్వాతి ఫాలో అప్ తేదీ రాసి ఇవ్వాలి.