ఊడింది జుట్టే, రోగం మాత్రం నెత్తిది

పోయినేడు వానాకాలంలో నా జుట్టు రాలడం చూసి నాకే భయం వేసింది. దువ్వెన పెడితే ఉండలు, దిండు మీద, అన్నంలో కూడా. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలేనట కానీ నావి లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది. మూడు షాంపూలు మార్చా, బోరు నీళ్ళని తిట్టా, షవర్‌కి ఫిల్టర్ బిగించా, బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగా. తల దురద సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, చుండ్రే కదా, చుండ్రు ఎవరికి లేదు అని.

మా అమ్మేమో "నూనె పెట్టక నెత్తి ఎండిపోయి పొట్టు లేస్తోందే" అని ప్రతి శనివారం రాత్రి గోరువెచ్చటి కొబ్బరినూనె మాడు మీద పోసి మర్దనా చేసేది. ఆ రాత్రి హాయిగానే ఉండేది, రెండ్రోజులకి దురద డబుల్.

చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్తే ఆవిడ జుట్టు గురించి ఒక్క ముక్క అడగలేదు, పాయలు తీసి లైటున్న భూతద్దంతో నెత్తి చూసి, తర్వాత చెవుల వెనక, కనుబొమల్లో, ముక్కు పక్కన చూసింది. అన్నిచోట్లా ఎర్రగానే ఉంది! "ఇది ఎండిపోయిన పొట్టు కాదమ్మా, గోటితో తీసి చూడు, జిడ్డుగా పసుప్పచ్చగా వస్తుంది" అంది. సెబోరిక్ డెర్మటైటిస్ అట. మలసేజియా అని ఒక ఫంగస్, అందరి తల మీదా ఉంటుంది, మన చర్మం జిడ్డు తిని బతుకుతుంది, కొందరి ఒంటికి అది పడక చర్మం వాస్తుంది. అంటే మా అమ్మ ప్రతి శనివారం దానికి విందు పెడుతోందన్నమాట. కుదుళ్ళ చుట్టూ వాపు, దానికి తోడు నా గోకుడు, ఇంకెందుకు ఊడదు జుట్టు. వాపు తగ్గితే తిరిగొస్తుంది, కుదురు చావలేదు అంది, అప్పుడు ఊపిరి పీల్చుకున్నా.

మందు పెద్దదేం కాదు, 2% కీటోకొనజోల్ అనే ఫంగస్ మందున్న షాంపూ, వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. నేను ఇదివరకు కూడా వాడా అది, పని చెయ్యలేదని పారేశా. ఎందుకు చెయ్యలేదంటే జుట్టుకి పట్టించి అరనిమిషంలో కడిగేసేదాన్ని! మాడుకి పట్టించి ఐదు నిమిషాలు ఉంచాలట. డబ్బా మీద రాసే ఉంది, మనం చదివితే కదా.

ఇదే టైంలో మా తమ్ముడికి గడ్డం పక్కనా, తలలోనూ గుండ్రంగా రూపాయి బిళ్ళంత మేర జుట్టు నున్నగా పోయింది. పేనుకొరుకుడు. పేరే పెద్ద అబద్ధం, పేనూ లేదు కొరుకుడూ లేదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ళ మీద పడటం. మా పెదనాన్న గురివింద గింజలు నూరి రాయమన్నాడు, గురివింద విషం బాబూ, దయచేసి చిన్నపిల్లలున్న ఇంట్లో అస్సలు వద్దు. చిన్న మచ్చలైతే చాలామందికి వెంట్రుకలు వాటంతటవే తిరిగొస్తాయి, వాడికి అక్కడే ఇంజెక్షన్లు ఇచ్చారు. బాగా ఎక్కువగా ఊడిపోయే పెద్దవాళ్ళకి బారిసిటినిబ్ అనే మాత్రకి అమెరికాలో 2022లో అనుమతి కూడా వచ్చింది.

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం మా ఆడపడుచు కొడుకు విషయంలో. ఆరేళ్ళోడు, తలలో పొలుసుల మచ్చ, వెంట్రుకలు తెగిపోయి నల్ల చుక్కల్లా. అదీ చుండ్రే అనుకుని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చి నెల రోజులు రాశారు, ఎరుపు తగ్గినట్టు కనపడి లోపల పాకిపోయింది. తలలో తామర అది, ఫంగస్ వెంట్రుక లోపలే ఉంటుంది కాబట్టి పైపూతతో పోదు, వారాల తరబడి నోటితో మింగే మందు వాడాల్సిందే. ముదిరి చీముగడ్డలా వాచి మచ్చ కట్టిందంటే అక్కడ కుదురే మూసుకుపోతుంది, ఇంక ఏ నూనె రాసినా మొలవదు. వాడికి అంతదాకా రాలేదు, కానీ ఇంట్లో అందరి దువ్వెనలూ టవల్సూ వేరు చేయాల్సొచ్చింది.

నా జుట్టు మూడు నెలలకి నుదురు దగ్గర పిల్ల వెంట్రుకలుగా లేస్తోంది, జడలో ఇమడవు, ఫొటోల్లో ఎప్పుడూ కరెంటు షాక్ కొట్టినట్టే ఉంటా. అమ్మతో కూడా రాజీ కుదిరింది, నూనె చివర్లకే, తలంటుకి గంట ముందు. ఆ గంటలో ఆవిడ వేళ్ళు మెల్లగా మాడు వైపు పాకుతూనే ఉంటాయి, నేను "అమ్మా" అని అరుస్తూనే ఉంటా.