ష్టెగ్లిట్స్‌లో మూడో అంతస్తు

శనివారం, బెర్లిన్

పొద్దున పదకొండింటికి ష్టెగ్లిట్స్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్లాం. మేముండే మోఆబిట్ నుంచి యు 9 మెట్రో ఎక్కితే మధ్యలో రైలు మారే పని లేదు. అందుకే ఆ పేట మీద ఆశ పెట్టుకున్నాను. నాకిప్పుడు ఐదో నెల. ఇప్పుడున్నది రెండు గదుల ఇల్లు. ఇక్కడ హాలు కూడా గది కిందే లెక్క, అంటే మనకి సింగిల్ బెడ్‌రూమ్. పాప మంచం పక్కన ఉయ్యాల వేస్తే తలుపు తెరుచుకోదు.

మేం వెళ్లేసరికే క్యూ మెట్ల మీద ఉంది. అందరి చేతుల్లోనూ ఫైళ్లు. మూడు నెలల పే స్లిప్పులు, అప్పులు సరిగ్గా కడుతున్నామని చెప్పే షూఫా కాగితం, అద్దె బాకీ లేదని పాత ఓనరు రాసిచ్చిన ఉత్తరం. మా ముందు చంటిబిడ్డని ఎత్తుకుని ఒకమ్మాయి నిలబడింది. నన్ను చూసి పక్కకి జరిగి, మెట్టు మీద కూర్చోమంది. కూర్చున్నాను గానీ మనసు ఊరుకోలేదు. ఆమెకి ఇల్లు దొరికితే మాకు దొరకదు, మాకు దొరికితే ఆమెకి దొరకదు.

ఇల్లు బాగుంది. చెక్క నేల, వెలుతురు, బాల్కనీ. వంటగదిలో మాత్రం ఏమీ లేదు. గట్టు లేదు, సింకు లేదు. గోడలోంచి రెండు నీళ్ల పైపులు, స్టవ్వుకి ఒక లావుపాటి వైరు, అంతే. ఇక్కడ చాలామంది ఖాళీ చేసేటప్పుడు కిచెన్ మొత్తం విప్పి పట్టుకుపోతారు, లేదంటే వచ్చేవాళ్లకి అమ్ముతారు. డిపాజిట్ గురించి నాకు బెంగ లేదు. మూడు నెలల అద్దెకి మించి అడగకూడదు, దాన్నీ మూడు వాయిదాల్లో కట్టొచ్చు. 2015 నుంచి బ్రోకరుని ఎవరు పిలిస్తే వాళ్లే డబ్బివ్వాలి కాబట్టి ఆ ఖర్చూ లేదు. కిచెన్ పెట్టించడమే భారం. అయినా కిటికీ పక్కనే స్టవ్వు వస్తుంది, తిరగమోత పొగ బయటికి పోతుంది అని అక్కడే నిలబడి మావారితో చెప్పాను.

అమ్మకి ఫోన్ చేస్తే, "వంటిల్లు ఆగ్నేయంలో వచ్చిందా?" అంది. ఫోన్లో దిక్సూచి చూసి వాయవ్యమని చెప్పాను. "పోన్లే తల్లీ, వాయవ్యమూ పనికొస్తుంది. ముందు ఇల్లు దొరకనీ" అంది.

తిరిగొస్తుంటే మా కింది ఇంటి పెద్దావిడ కనిపించారు. ఒక్కరే మూడు గదుల ఇంట్లో ఉంటారు. మోకాళ్ల నొప్పులు, లిఫ్టు లేదు. చిన్న ఇంటికి మారాలని ఆవిడకీ ఉంది. కానీ ఇప్పుడు చిన్న ఇంటికి అడిగే అద్దె, పాత ఒప్పందం మీద ఆవిడ ఈ పెద్ద ఇంటికి కడుతున్న దానికంటే ఎక్కువ. ఇంకెందుకు కదులుతారు?

కారణం చూపకుండా అద్దెకున్నవాళ్లని ఇక్కడ ఖాళీ చేయించలేరు. ఓనరు "వచ్చే నెల ఖాళీ చేయండి" అంటే మా అమ్మ సామాను సర్దిన రోజులు నాకు గుర్తే, ఈ రక్షణ ఎంత విలువైనదో నాకు తెలుసు. కానీ పాత అద్దెకీ కొత్త అద్దెకీ తేడా ఇంత పెరిగాక లోపలున్నవాళ్లు కదలరు, బయటున్నవాళ్లు మెట్ల మీదే నిలబడతారు. బెర్లిన్ నగరమే కాదు, జర్మనీలో ఒక రాష్ట్రం కూడా. 2020లో అది అద్దెలకి కళ్లెం వేస్తే, ఆ అధికారం రాష్ట్రానికి లేదని 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. కొత్త ఇళ్లు కట్టాల్సిందే. దాంతోపాటు ఆవిడలాంటి వాళ్లు అద్దె పెరగకుండా చిన్న ఇంటికి మారే వీలుండాలి. అప్పుడు ఆ మూడు గదుల్లో ఒక కుటుంబం ఉంటుంది, ఆవిడకి మెట్ల బాధ తప్పుతుంది.

సాయంత్రం దరఖాస్తు పంపాం. మంగళవారం పాంకోలో ఇంకో ఇల్లు చూడాలి. పాప బడి దూరమవుతుంది, అయినా వెళ్తాం.