సుంకం లేని సరిహద్దు: బ్రెగ్జిట్ నేర్పిన లెక్క

ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగి బ్రిటన్ లాభపడిందా, నష్టపోయిందా అని అడిగితే, నష్టపోయిందనే నేను చెబుతాను. అయితే ఆ నష్టం ఎంత అన్నదానికన్నా అది ఏ దారిన వచ్చిందో అర్థం చేసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం. ఒక కూటమిలో ఉన్నంతకాలం సభ్యదేశాల మధ్య కనుమరుగైన సరిహద్దు, ఒక దేశం బయటికి వచ్చిన రోజున ఎక్కడో ఒకచోట మళ్లీ లేచి తీరుతుంది. అది ఎక్కడ లేవాలి, దాని బరువును ఎవరు మోయాలి అన్న ప్రశ్నల చుట్టూనే బ్రిటన్ ఆర్థిక వ్యవస్థా, రాజకీయాలూ ఇన్నేళ్లుగా తిరుగుతున్నాయి.

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటరు ముందు ఉన్నవి రెండే దారులు: సమాఖ్యలో కొనసాగడం, లేదా వైదొలగడం. 51.9 శాతం మంది వైదొలగాలన్నారు, 48.1 శాతం మంది ఉండాలన్నారు. వైదొలగి ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం ఎవరూ అడగలేదు. నార్వేలాగా సమాఖ్య బయట ఉంటూనే ఉమ్మడి మార్కెట్‌లో కొనసాగవచ్చు. టర్కీలాగా కస్టమ్స్ యూనియన్‌లో, అంటే లోపల సుంకాలు లేకుండా బయటి దేశాల సరుకుపై ఒకే సుంకం వేసే కూటమిలో మాత్రమే ఉండవచ్చు. కెనడాలాగా ఒక వాణిజ్య ఒప్పందంతో సరిపెట్టుకోవచ్చు. ఈ మూడింటిలో ఒక్కోదానికి ఒక్కో మూల్యం ఉంది, ఒక్కోదానిలో సరిహద్దు ఒక్కోచోట పడుతుంది. ఆ ఎంపికను ప్రజల ముందు పెట్టకుండానే తీర్పు తీసుకున్నారు. సేకరణకు పిలుపునిచ్చిన ప్రధాని డేవిడ్ కామెరాన్ మర్నాటి ఉదయమే రాజీనామా ప్రకటించారు. బ్రెగ్జిట్ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ్యతారహితంగా తోచే ఘట్టం ఇదే.

ఉమ్మడి మార్కెట్ అంటే ఏమిటో మన పాఠకులకు వివరించడం కష్టం కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేవరకు తడ దగ్గర, ఇచ్ఛాపురం దగ్గర వాణిజ్య పన్నుల శాఖ చెక్‌పోస్టుల ముందు లారీలు గంటల తరబడి బారులు తీరి ఉండేవి. కట్టాల్సిన పన్ను కన్నా ఆ నిరీక్షణ, ఆ కాగితాలు, వాటితోపాటు వచ్చే తలనొప్పి సరుకు యజమానికి ఎక్కువ భారమయ్యేవి. 1993 జనవరి 1న మొదలైన ఐరోపా ఉమ్మడి మార్కెట్ సభ్యదేశాల మధ్య తొలగించింది ఈ రకమైన అడ్డంకులనే. సుంకాలు అంతకు చాలా ముందే పోయాయి. ఆ తరువాత మిగిలిన ప్రమాణాల తేడాలు, తనిఖీలు, ధ్రువపత్రాలు తొలగించడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఆ మార్కెట్ కోసం అప్పట్లో గట్టిగా పట్టుబట్టిన నాయకుల్లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఒకరన్నది నేడు చాలామంది మరచిపోయిన సంగతి.

ఓటు పడగానే దేశం మాంద్యంలో పడిపోతుందని 2016 మే నెలలో బ్రిటన్ ఆర్థిక శాఖ హెచ్చరించింది. అలా జరగలేదు. పౌండు విలువ ఒక్క రాత్రిలో దాదాపు 1.50 డాలర్ల నుంచి 1.33 డాలర్ల దాకా పడిపోయి, దిగుమతుల ధరలు పెరిగి, సామాన్యుడి కొనుగోలు శక్తి తగ్గినమాట నిజం. కానీ కర్మాగారాలు మూతపడలేదు, నిరుద్యోగం పెచ్చరిల్లలేదు. ఆ హెచ్చరిక తప్పడం వల్ల ఆ తరువాత వచ్చిన నిజమైన హెచ్చరికలను కూడా జనం నమ్మడం మానేశారు. అసలు నష్టం ఒక్కసారిగా కూలే గోడలా కాకుండా ఏటికేడు మెల్లగా పోగుపడింది కాబట్టి దానిని ఏ ఒక్క రోజుకూ, ఏ ఒక్క వార్తకూ ముడిపెట్టడం సాధ్యం కాలేదు.

2020 జనవరి 31న బ్రిటన్ అధికారికంగా వైదొలగింది. ఆ ఏడాది డిసెంబరు 24న కుదిరిన వాణిజ్య, సహకార ఒప్పందాన్ని బోరిస్ జాన్సన్ ప్రభుత్వం గొప్ప విజయంగా ప్రకటించింది. రెండు వైపులా సుంకాలు లేవు, కోటాలు లేవు. మాట నిజమే. కానీ 2021 జనవరి 1 నుంచి ఐరోపాకు పంపే ప్రతి సరుకుకూ కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి, మాంసానికీ పాల ఉత్పత్తులకూ పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, వస్తువు ఎక్కడ తయారైందో రుజువు కావాలి. ఈ చివరి నిబంధన చూడటానికి చిన్నదే గాని దాని దెబ్బ పెద్దది. భారత్‌లో కుట్టిన చొక్కాలు ఇంగ్లండ్‌లోని గోదాములో సుంకం కట్టి దిగి, అక్కడి నుంచి ఐర్లండ్‌లోని దుకాణానికి వెళ్తే, అవి బ్రిటన్‌లో తయారైనవి కావు కాబట్టి సరిహద్దు దగ్గర మరోసారి సుంకం పడుతుంది. సుంకం లేని ఒప్పందం ఉండగా సుంకం ఎందుకు కట్టాల్సి వస్తున్నదో ఆ జనవరిలో చాలామంది వ్యాపారులకు అర్థం కాలేదు.

వేల్స్ తీరంలోని మెనై జలసంధిలో ఆల్చిప్పలు పెంచేవారి సంగతి ఇంతకన్నా బాధాకరం. వారు సజీవమైన ఆల్చిప్పలను ఐరోపాకు పంపితే, అక్కడి కేంద్రాలే వాటిని శుద్ధి చేసి మార్కెట్‌కు విడుదల చేసేవి. సమాఖ్య బయటి దేశాల నుంచి, పూర్తిగా శుభ్రమైన జలాలుగా వర్గీకరించిన చోట్ల పెరిగినవి తప్ప, శుద్ధి చేయని సజీవ ఆల్చిప్పలను అనుమతించకూడదన్న నిబంధన పాతదే. బ్రిటన్ ఆ రోజున బయటి దేశమైంది, అంతే. నీళ్లు మారలేదు, ఆల్చిప్పలు మారలేదు, కొనేవాళ్లూ మారలేదు. పెద్ద కంపెనీలు కస్టమ్స్ నిపుణులను నియమించుకుని, ఐరోపాలో మరో గోదాము తెరిచి నెట్టుకొచ్చాయి. నెలకు నాలుగైదు పెట్టెలు పంపే చిన్న తయారీదారు మాత్రం, ఒక్కో పెట్టెకూ ధ్రువపత్రం ఖర్చు భరించలేక ఎగుమతినే మానుకున్నాడు. సరిహద్దు బరువు అందరిమీదా సమానంగా పడదన్నది నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయం.

ఆర్థిక సేవల రంగంలో మార్పు మరింత నిశ్శబ్దంగా జరిగింది. 2021 జనవరిలో షేర్ల లావాదేవీల పరిమాణంలో ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ను దాటింది. ఐరోపా ఔషధ సంస్థ ప్రధాన కార్యాలయం అంతకు ముందే, 2019లో, లండన్ నుంచి అదే నగరానికి తరలిపోయింది. లండన్ కుప్పకూలలేదు, కూలుతుందని నేను అనుకోవడమూ లేదు.

మొత్తం నష్టానికి వచ్చేసరికి, ప్రభుత్వ ఆర్థిక లెక్కలను స్వతంత్రంగా అంచనా వేసే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ మాటను నేను ప్రమాణంగా తీసుకుంటాను. సమాఖ్యలో కొనసాగి ఉంటే ఉండే స్థాయితో పోలిస్తే దీర్ఘకాలంలో బ్రిటన్ ఎగుమతులు, దిగుమతులు 15 శాతం, ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటాయని ఆ సంస్థ అంచనా. దీనికి ఎదురుగా బ్రెగ్జిట్ సమర్థకులు చూపేది సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛను. ఆ స్వేచ్ఛ నిజమైనదే, దాని ఫలితం మన ముంగిట్లోనే ఉంది: 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకం చేసిన ఒప్పందం ప్రకారం మన ఎగుమతుల్లో దాదాపు 99 శాతానికి అక్కడ సుంకం ఉండదు. సంతకం జరిగిన మరుసటి నెలలోనే అమెరికా 50 శాతం సుంకం విధించడంతో దిక్కుతోచని స్థితిలో పడిన ఆంధ్ర రొయ్యల రైతులకు ఈ ఒప్పందం కొంత ఊరట. కానీ బ్రిటన్‌కు దీనివల్ల కలిగే లాభం దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్లని ఆ దేశ ప్రభుత్వమే చెప్పింది. ఆ దేశ ఆదాయంలో అది 0.1 శాతం చుట్టుపక్కల మాత్రమే. పక్కింటి మార్కెట్‌లో పోయినదాన్ని ఏడు వేల కిలోమీటర్ల దూరంలో పూడ్చుకోవడం అయ్యే పని కాదు. పైగా సుంకం పోయినంత మాత్రాన దారి తెరుచుకోదన్న సంగతి మన రొయ్యల ఎగుమతిదారులకు ఎవరూ చెప్పనక్కరలేదు. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలో తిరిగివచ్చిన కంటెయినర్ ఎంత నష్టం తెస్తుందో వారు చూసే ఉన్నారు.

ఇక రాజకీయం. సరిహద్దు ఎక్కడో ఒకచోట పడాలన్న సత్యం అతి క్రూరంగా బయటపడింది బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో. బ్రిటన్‌తో ఉండాలనేవారికీ, ఐర్లండ్‌తో కలవాలనేవారికీ మధ్య సాగి దాదాపు మూడున్నర వేల ప్రాణాలు తీసిన హింస 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందంతో చల్లారింది. ఉత్తర ఐర్లండ్‌కూ, సమాఖ్య సభ్యదేశమైన ఐర్లండ్‌కూ మధ్య ఉన్న సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు మీద ఆ తరువాత సైనిక శిబిరాలు తొలగిపోయాయి. రెండు వైపులా ఒకే ఉమ్మడి మార్కెట్ కావడంతో కస్టమ్స్ చౌకీల అవసరమూ అంతకు ముందే తీరిపోయింది. జనం పాలు, గొర్రెలు, మందులు తీసుకుని గీత దాటుతున్నామన్న స్పృహ కూడా లేకుండా తిరిగేవారు. బ్రిటన్ బయటికి వస్తే ఆ గీత సమాఖ్య బయటి సరిహద్దుగా మారుతుంది. అక్కడ తనిఖీలు పెడితే శాంతికి ముప్పు. ఐరిష్ సముద్రం మీద పెడితే సొంత దేశంలోని ఒక భాగానికి, మరో భాగానికి మధ్య గోడ కట్టినట్లు. రెండూ వద్దనుకుంటే దేశమంతా సమాఖ్య నిబంధనలకు దగ్గరగా ఉండిపోవాలి. నాలుగో దారి లేదు.

కామెరాన్ తరువాత ప్రధాని అయిన థెరెసా మే మూడో దారికి చేరువగా ఒక ఒప్పందం తెచ్చారు. 2019 జనవరి 15న పార్లమెంటు దానిని 432–202 ఓట్లతో తిరస్కరించింది. ఆధునిక బ్రిటన్ చరిత్రలో ఏ ప్రభుత్వమూ అంత తేడాతో ఓడలేదు. ఆమె తరువాత వచ్చిన జాన్సన్ రెండో దారి పట్టారు. ఏ కన్జర్వేటివ్ ప్రభుత్వమూ అలాంటి ఏర్పాటుకు ఒప్పుకోకూడదని 2018 నవంబరులో బ్రిటన్‌తోనే ఉండాలనే ఉత్తర ఐర్లండ్ పార్టీ డీయూపీ మహాసభలో ఆయనే స్వయంగా ప్రకటించారు. ఆ మాట తప్పడం వల్ల కలిగిన గాయం చిన్నది కాదు. డీయూపీ 2022 ఫిబ్రవరిలో ప్రాంతీయ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. 2023 నాటి విండ్సర్ ఒప్పందం తనిఖీలను కొంత సడలించినా, 2024 ఫిబ్రవరి దాకా అక్కడ ప్రభుత్వమే ఏర్పడలేదు. రెండేళ్లపాటు ఆసుపత్రుల నిరీక్షణ జాబితాలు పెరిగి, ఉద్యోగుల జీతాల పెంపు నిలిచిపోయి, ఆ ఖరీదు చెల్లించిన ప్రజల్లో 55.8 శాతం మంది అసలు వైదొలగడానికే ఓటు వేయలేదు. 62 శాతం ఉండాలన్న స్కాట్లండ్‌కూ ఇదే ఆవేదన. మరోసారి స్వాతంత్ర్య రెఫరెండం జరిపే అధికారం అక్కడి చట్టసభకు లేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చినా ఆ కోరిక సమసిపోలేదు.

వైదొలగాలన్నవారిని అజ్ఞానులని కొట్టిపారేసే రాతలు నాకు నచ్చవు. లింకన్‌షైర్‌లోని బోస్టన్ పట్టణంలో 75.6 శాతం మంది బయటికే ఓటు వేశారు. 2004 తరువాత తూర్పు ఐరోపా నుంచి వచ్చిన శ్రామికులతో ఆ ఊరు కొద్ది ఏళ్లలోనే మారిపోయింది. 2010 నుంచి సాగిన ప్రభుత్వ వ్యయకోతల వల్ల బడులకూ, వైద్యశాలలకూ ఆ మేరకు నిధులు అందలేదు. వారి ఫిర్యాదు నిజమైనది. అందుకు చూపిన మందే తప్పు. వలసల మీద అదుపు వస్తుందన్న మాట నమ్మి వారు ఓటు వేస్తే, 2021లో వచ్చిన, అర్హతలకు పాయింట్లు లెక్కగట్టి వీసా ఇచ్చే విధానం ఐరోపా వలసలను తగ్గించి, భారత్, నైజీరియా వంటి దేశాల నుంచి వచ్చే వలసలను పెంచింది. 2023 నాటికి నికర వలస ఏడాదికి తొమ్మిది లక్షలు దాటింది. 2021 జులైలో చదువు తరువాత రెండేళ్లు పని చేసుకునే వీలు మళ్లీ రావడంతో హైదరాబాద్ నుంచీ, విజయవాడ నుంచీ వెళ్లిన మన పిల్లలు కూడా ఆ లెక్కలో ఉన్నారు. ఆ అంకెకు వచ్చిన ప్రతిస్పందన భారం కూడా వారిమీదే పడింది: 2024 జనవరి నుంచి చాలా కోర్సుల విద్యార్థులు జీవిత భాగస్వామిని వెంట తీసుకువెళ్లే వీలు పోయింది, ఆ రెండేళ్లను పద్దెనిమిది నెలలకు కుదిస్తామని 2025లో ప్రకటన వచ్చింది. తెరిచిన తలుపు మూసేటప్పుడు, దానిని నమ్మి అప్పు చేసి వెళ్లినవారి గురించి ఆలోచించిన దాఖలా నాకు కనిపించలేదు.

2025 మే 19న లండన్‌లో జరిగిన సమావేశంలో కియర్ స్టార్మర్ ప్రభుత్వం ఐరోపా సమాఖ్యతో కొత్త అవగాహనకు వచ్చింది. ఆహార పదార్థాల తనిఖీలు చాలావరకు తొలగించే ఒప్పందం కోసం చర్చలు జరపాలి. అందుకు బదులుగా ఆ రంగంలో సమాఖ్య నిబంధనలు మారినప్పుడల్లా బ్రిటన్ కూడా మారాలి, చట్టం అర్థం గురించి వివాదం వస్తే ఐరోపా న్యాయస్థానానిదే తుది మాట. అదే సమావేశంలో ఐరోపా చేపల పడవలకు బ్రిటిష్ జలాల్లో 2038 దాకా అనుమతి కొనసాగించారు. నేను ఈ అవగాహనను సమర్థిస్తాను. చిన్న ఎగుమతిదారుకు దీనికన్నా ఉపకారం చేసే మార్గం ప్రస్తుతానికి లేదు. అయితే 2020కి ముందు ఈ నిబంధనలు రాసే మంత్రుల మండలిలో బ్రిటన్‌కు ఓటు ఉండేది, యూరోపియన్ పార్లమెంటులో 73 మంది సభ్యులు ఉండేవారు. ఇకమీదట రాసేది మిగిలిన 27 దేశాలు, పాటించేది బ్రిటన్.