సన్నబడ్డావన్నారు, టీబీ అని తేలింది

చిన్నప్పటి నుంచి నేను బొద్దుగానే ఉండేదాన్ని. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, పెళ్లిచూపులు మొదలయ్యాక అదే పెద్ద సమస్యయి కూర్చుంది. "పిల్ల బాగుంది, కాస్త ఒళ్లు తగ్గితే..." అని ఆగిపోయేవాళ్లు. అలాంటిది ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గడం మొదలైంది. చూస్తుండగానే 63 కిలోల నుంచి 48కి దిగాను.

గుంటూరులో మా వీధి వీధంతా మెచ్చుకుంది. "ఏం డైట్ చేస్తున్నావే, మాకూ చెప్పు" అని పక్కింటి ఆంటీ. "భలే నాజూగ్గా అయ్యారండీ" అని ఆఫీసులో వాళ్లు. పెద్దమ్మయితే అమ్మను పక్కకి పిలిచి, సంబంధాలకి పంపే ఫొటోలు ఇప్పుడే తీయించమంది. తీయించారు. ఆ ఫొటోలు తీసేటప్పుడు నాకు జ్వరం ఉంది. రోజూ సాయంత్రమయ్యేసరికి వచ్చేది. బుగ్గల మీది ఆ ఎరుపు మేకప్ వల్ల వచ్చింది కాదు.

అందరికీ నచ్చిన ఆ ఒంటితో నేను మేడ మెట్లు ఎక్కలేకపోయేదాన్ని. సగం ఎక్కి గోడ పట్టుకుని నిలబడేదాన్ని. రాత్రిళ్లు చెమటకి దిండు తడిసిపోయేది. దగ్గుకి దగ్గర్లోని క్లినిక్‌లో సిరప్పులు మార్చి మార్చి ఇచ్చారు. తెమడలో రక్తపు చార కనిపించిన రోజు తమ్ముడు నన్ను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్‌రే తీశారు, తెమడలో టీబీ క్రిమి ఉందేమో చూసే సీబీనాట్ పరీక్ష చేశారు. ఊపిరితిత్తుల టీబీ అని తేలింది.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలూ నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. మూత్రం నారింజ రంగులో వచ్చేది, వికారం, కీళ్ల నొప్పులు. అవన్నీ ఓర్చుకున్నాను. నేను ఓర్చుకోలేకపోయింది బరువు తూచే మిషన్ని.

టీబీ మాత్రల లెక్క బరువును బట్టే ఉంటుంది. 35 నుంచి 49 కిలోల వరకు రోజుకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. అందుకే వెళ్లినప్పుడల్లా తూచేవాళ్లు. అంకె పెరిగితే అక్కడి సిస్టరు ముఖం వెలిగిపోయేది. "గుడ్! ఇంకా తినాలి" అనేది. నాకేమో గుండెల్లో రాయి పడేది. జన్మలో మొదటిసారి నన్ను అందరూ బాగున్నావన్నారు, అది చేజారిపోతోందని ఏడుపు వచ్చేది. జ్వరం తగ్గుతోంది, ఆకలి వేస్తోంది, అమ్మ రెండు గుడ్లు ఉడకబెట్టి ముందు పెడుతోంది. నేను వాటిని చూసి భయపడుతున్నాను. ఈ మాట అమ్మకి కూడా చెప్పుకోలేకపోయాను.

చివరికి డాక్టరమ్మ దగ్గర నోరు విప్పాను. ఆవిడ నవ్వలేదు. ఝార్ఖండ్‌లో టీబీ రోగులకి పోషకాహారం ఇచ్చి చేసిన రేషన్స్ అధ్యయనం గురించి చెప్పింది. 2023లో ఫలితాలు వచ్చాయట. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనబడిందట. 48 కిలోలకి 5 శాతమంటే రెండున్నర కిలోలు కూడా కాదు. నేను ఏడ్చింది ఆ రెండున్నర కిలోల కోసం.

ఆ రోజుతో భయం పోయిందని చెప్పను. కానీ పళ్లెం ముందు కూర్చున్నప్పుడు ఆ లెక్క గుర్తుకొచ్చేది. టీబీ రోగుల తిండి ఖర్చుకి ప్రభుత్వం డబ్బులిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకి వెయ్యి రూపాయలు ఖాతాలో పడేవి (2024 నవంబరుకి ముందు అది ఐదొందలే). ఆ డబ్బుతో గుడ్లు, పల్లీలు, కందిపప్పు కొనేవాళ్లం. సన్నబడ్డాక సైడు కుట్లు వేయించిన జాకెట్లన్నీ మళ్లీ టైలరు దగ్గరికి చేరాయి. కుట్టు విప్పిన చోట గుడ్డ మీద వరసగా సూది బెజ్జాలు కనిపించేవి. మొదట్లో చీర కొంగుతో కప్పుకునేదాన్ని, తర్వాత మానేశాను.

మా నానమ్మ ఉంటే ఆ మెచ్చుకోళ్లు సాగనిచ్చేది కాదు. ఎవరు కాస్త తగ్గినా "ఏంటే ఇలా చిక్కిపోయావు, ఒంట్లో బాగుంటోందా?" అని ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. మనిషి తగ్గితే చాలు, మంచిదే అనుకుంటున్నాం. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

మందులు పూర్తయ్యాయి, ఆఖరి తెమడ పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇప్పుడు 59 కిలోలున్నాను. అద్దం ముందు కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు మెడ కింద కనబడకుండా పోయిన ఆ ఎముకల కోసం కళ్లు వెతుకుతాయి. వెతికినప్పుడు ఆ మెట్లు గుర్తుచేసుకుంటాను.

మొన్న తెనాలిలో ఒక పెళ్లిలో వరసకి అత్త అయ్యే ఆవిడ "అయ్యో, మళ్లీ ఒళ్లు చేశావే!" అంది. "అవునత్తా, నాకు టీబీ వచ్చింది, తగ్గిపోయింది" అన్నాను. పక్కనున్న అమ్మ కంగారుపడింది. అత్త మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎక్కడ చూపించుకున్నావు, ఖర్చెంతయింది అని అడిగింది. వాళ్లబ్బాయికి నెల నుంచి దగ్గు తగ్గడం లేదట, మనిషి కూడా బాగా తగ్గాడట. రెండు వారాలు దాటిన దగ్గుని వదిలెయ్యకూడదనీ, ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా మందులూ ఉచితమేననీ చెప్పాను. సోమవారం వెళ్లొచ్చామని నిన్న ఫోన్ చేసింది. రిపోర్టు ఇంకా రావాలి.