మ్యాజిక్ షోకి అగ్రిమెంట్: నా అనుభవం

పదిహేనేళ్లుగా మ్యాజిక్ షోలు చేస్తున్నాను. మొదటి ఏడేళ్లు ఎక్కడా సంతకం పెట్టలేదు, పెట్టించుకోలేదు. ఫోన్‌లో తేదీ, డబ్బు మాట్లాడుకోవడం, ఆ రోజుకి సామాను సర్దుకుని వెళ్లిపోవడం, అంతే. చాలాసార్లు బాగానే జరిగింది. కాగితం అడిగితే తమ మీద నమ్మకం లేదనుకుంటారేమో, ఇంకొకరిని పిలుచుకుంటారేమో అన్న భయం కూడా ఉండేది.

ఒక హోటల్లో జరిగిన సంగతితో ఆ పద్ధతి మారింది. వరుసగా ఆరు శనివారాలు షో చేయమని అక్కడి మేనేజర్ అడిగారు. మంచి మనిషి, ఇప్పటికీ ఆ మాటే చెబుతాను. ఆ తేదీల కోసం వేరే చోట వచ్చిన రెండు బుకింగులు వదులుకున్నాను. రెండు షోలు అయ్యాయి. మూడో వారం వెళ్లేసరికి ఆయన ఉద్యోగం మానేశారని తెలిసింది. కొత్త మేనేజర్‌కి నేనెవరో తెలియదు. "మీతో మాట్లాడుకున్నట్టు మా దగ్గర ఎక్కడా రాసి లేదండీ" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు, నిజంగానే ఎక్కడా రాసి లేదు. మిగిలిన నాలుగు శనివారాలూ పోయాయి. అప్పటికే చేసేసిన రెండో షో డబ్బు కోసం మూడు నెలలు తిరిగితే సగం వచ్చింది.

నోటిమాటగా కుదిరిన ఒప్పందం కూడా చాలా దేశాల్లో చట్టం దృష్టిలో ఒప్పందమేనని తర్వాత ఒక లాయర్ చెప్పారు. చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. నాకు మాట ఇచ్చింది ఒక మనిషి, డబ్బు ఇవ్వాల్సింది ఒక సంస్థ. ఆ మనిషి వెళ్లిపోయాక ఆ మాట సంగతి సంస్థలో ఎవరికీ తెలియదు. చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

తర్వాత నేను చేసిన మొదటి పని తప్పు. ఇంటర్నెట్‌లో దొరికిన ఏడు పేజీల అగ్రిమెంటును ఉన్నదున్నట్టు ఒక క్లబ్బుకి పంపాను. "ఒక్క సాయంత్రానికి ఇంత ఎందుకండీ, మా లాయరుకి చూపించాలి" అన్నారు. ఆ బుకింగ్ పోయింది. నిజానికి అందులో సగం వాక్యాలు నాకే అర్థం కాలేదు.

అప్పుడు కూర్చుని, ఇన్నేళ్లలో ఎక్కడెక్కడ, దేని గురించి మాటా మాటా వచ్చిందో రాసుకున్నాను. అందులోంచే ఒక పేజీ తయారైంది. డబ్బు ఇచ్చేది ఏ సంస్థ, సంతకం పెట్టేవారి పేరు, హోదా ఏమిటి. సగం అడ్వాన్స్, మిగతా సగం షో అయిన రాత్రే. షోకి ముందు 90 నిమిషాలు స్టేజీ ఖాళీగా నాకు ఇవ్వాలి, సామాను ఎవరి కంటా పడకుండా అమర్చుకోవాలి కాబట్టి. షో 45 నిమిషాలు. వాళ్ల వల్ల అరగంటకు మించి ఆలస్యమైతే అదనపు డబ్బు. షోకి ముందు 14 రోజుల లోపు వాళ్లు రద్దు చేస్తే అడ్వాన్స్ నాదే, 48 గంటల లోపైతే మొత్తం ఇవ్వాలి. భగ్గున మండే కాగితం వాడతాను కాబట్టి దానికి ముందే అనుమతి, పొగ అలారం సంగతి వాళ్లు చూసుకోవాలి. రెండు నిమిషాలకు మించి వీడియో తీయకూడదు. ప్రేక్షకులు స్టేజీకి ఎదురుగానే కూర్చోవాలి. పక్కనుంచో వెనకనుంచో చూస్తే రహస్యం బయటపడుతుంది, ఆపైన షో అంటూ ఏమీ మిగలదు.

ఈ పేజీ మీద మొదటి సంతకం ఒక హాలు మేనేజర్‌ది. ఆవిడ ప్రతి వాక్యం చదివారు. చదివి, "రద్దు చేస్తే మేం ఏం ఇవ్వాలో రాశారు. మీరు రాకపోతే మా సంగతేంటి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నన్ను కాపాడుకోవడం గురించే ఆలోచించాను తప్ప, టికెట్లు అమ్మేశాక స్టేజీ ఖాళీగా ఉంటే వాళ్ల పరిస్థితి ఏమిటో నాకు తట్టనే లేదు. అక్కడికక్కడే ఇద్దరం కలిసి రాశాం: నేను రాలేకపోతే అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాను, వాళ్లు ఒప్పుకుంటే నా స్థాయి కళాకారుణ్ణి పంపిస్తాను. ఆ తర్వాత ప్రేక్షకులు ఎదురుగానే ఉండాలన్న వాక్యం దగ్గర ఆగి, "మా హాల్లో కుర్చీలు స్టేజీకి మూడు వైపులా ఉంటాయే" అన్నారు. షోకి ఇంకా మూడు వారాలుంది. సంతకం లేకపోయినా ఫరవాలేదు, ఆ ఒక్క వాక్యం కోసమైనా ఆ పేజీ రాయడం మంచిదైంది. లేకపోతే ఆ సంగతి ఆ రాత్రి తెర తీశాక తెలిసేది.

వాన్ హేలెన్ అనే అమెరికా రాక్ బృందం 1982 టూర్ ఒప్పందంలో, తమ గదిలో పెట్టే ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్లలో గోధుమరంగువి ఉండకూడదని రాసింది. అవి కనిపించాయంటే కరెంటు, స్టేజీ బరువుల వంటి ప్రమాదకరమైన షరతులు కూడా ఎవరూ చదవలేదని వాళ్లకి అర్థమయ్యేదట. నేను అలాంటి పరీక్షలు పెట్టను. ఫోన్ చేసి వాక్యం వాక్యం చదివి వినిపిస్తాను, పది నిమిషాల పని.

2020 మార్చిలో షోలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఇంకో లోటు బయటపడింది. ఎవరి తప్పూ లేకుండా షో ఆగితే అడ్వాన్స్ ఏమవుతుంది? నా పేజీలో ఆ ఊసే లేదు. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా తేలింది, ఒక చోట స్నేహం చెడింది. ఇప్పుడు రాసేది ఇది: ఏడాది లోపు ఇంకో తేదీకి అడ్వాన్స్ మారుతుంది, అదీ కుదరకపోతే అప్పటికి అయిన ఖర్చు మినహాయించి తిరిగి ఇచ్చేస్తాను.

తరచూ పిలిచే చిన్న చిన్న చోట్లకు ఆ పేజీ పంపను. తేదీ, సమయం, డబ్బు, రద్దు, స్టేజీ గురించి ఐదు వాక్యాల ఈమెయిల్ పంపి, "ఒప్పుకుంటున్నాం" అని జవాబు తెప్పించుకుంటాను. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒక సందేశానికి చట్టపరమైన విలువ లేదనకూడదని ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం 1996 నమూనా చట్టంలోనే ఉంది. చాలా దేశాలు దాని ఆధారంగా సొంత చట్టాలు చేసుకున్నాయి.

సంతకం ఉన్నా ఒక చోట డబ్బు రెండు నెలలు ఆలస్యమైంది. ఒక్క షో డబ్బు కోసం కోర్టుకి వెళ్తే ఖర్చే ఎక్కువ, అందుకే వెళ్లలేదు. అగ్రిమెంట్ కాపీ వాళ్ల అకౌంట్స్ విభాగానికి పంపాను, వారంలో వచ్చింది. సంతకం పెట్టం అన్నవాళ్లూ ఉన్నారు. ఒకరి దగ్గర, పూర్తి డబ్బు ముందే ఇచ్చారు కాబట్టి, షో చేశాను. ఇంకొకరి దగ్గర మానుకున్నాను.

కిందటి నెల ఆ హాలు నుంచి ఫోన్ వచ్చింది. పాత మేనేజర్ వెళ్లిపోయారట, మాట్లాడుతున్నది కొత్త ఆవిడ. "మీ కాగితం ఫైల్లో చూశానండీ. పక్కల కుర్చీలు తీయించేస్తున్నాం. 90 నిమిషాల ముందు అంటే సాయంత్రం ఐదున్నరకి స్టేజీ మీకు ఖాళీ చేసి ఇస్తే సరిపోతుందా?" అని అడిగారు.